చోళ్ళు పండే దేశం

బళ్ళో ఇంగ్లీషు చెప్పడానికి రమ్మని మా చిన్నమ్మాయికి నైజీరియా నుంచీ ఇథియోపియా నుంచీ పిలుపులొచ్చాయి. సంగతి తెలిసి ఈ రోజు మా మరిది పొందూరు నుంచి వచ్చాడు.

"పెద్దపిల్ల పోయి ఏడాది తిరగలేదు. దీన్ని సముద్రం దాటిస్తావేటి వదినా?"

"నీ మాట ఇని పెద్దదాన్ని ఉద్యోగానికి పంపనేదు బాబూ. ఇంట్లోనే జొరమొచ్చి పోనాది. గడప కాపాడినాదేటి?"



చోళ్ళు, అదే రాగులు, ఆ రెండిట్లో ఏ దేశంలో ఎక్కువ పండుతాయని అమ్మాయిని అడిగాను. పుస్తకం తిరగేసి, ఇథియోపియాలో పండుతాయంది.

"అయితే అక్కడికే ఎల్లు. అంబలి కాసుకోవొచ్చు."

మరిది నవ్వాడు. అంబలి చూసి దేశాన్ని ఎంచుతారా అని మీరూ నవ్వుతారేమో, నవ్వండి. నాకు మిగిలిన పిల్ల ఆకలితో ఉండకూడదు. నా భయానికి కాపలాగా ఇంట్లో అసలే ఉండకూడదు.