కుట్టుమిషన్ అక్క, గోలగాడి టేపులు

ఆ వీధిలో ఆమెను అందరూ కుట్టుమిషన్ అక్క అనేవారు. ఆసుపత్రులకు, హోటళ్లకు కర్టెన్లు కుట్టడం ఆమె పని. ఇంటి వెనక గదిలో కత్తిరింపు బల్ల, తొక్కుడు మిషను, కిటికీ అంచుదాకా గుట్టలుగా గుడ్డ. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, కూతురు, ఆమె తమ్ముడు. చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేవాడని తమ్ముడికి గోలగాడని పేరు పడింది. పెద్దయ్యాక వాడు ఆ పేరు నిలబెట్టుకున్నాడు. రాక్ బ్యాండులో చేరి గిటారు వాయించాడు, పాటలు కట్టాడు.

కట్టడమంతా అక్క పని గదిలోనే. ఆ గుడ్డ గుట్టలు గోడల మోతను మింగేస్తాయని వాడి నమ్మకం. బల్ల మీద చిన్న టేపురికార్డరు పెట్టి, గుడ్డ మూటకు చేరగిలబడి పాడేవాడు. తర్వాత ఆ పాటే స్టూడియోకు వెళ్లి డ్రమ్ములూ ఉరుములూ తొడుక్కుని బయటికొచ్చేది. రేడియోలో వింటే అక్క నవ్వేది.

"ఇది మనింట్లో పుట్టిందేనట్రా? సింగారించి సింగారించి గుర్తుపట్టకుండా చేశారు!"

ఒక వానాకాలం, పక్క ఊళ్లో కచేరీకి వెళ్తుంటే బ్యాండు వాళ్ల వ్యాను బోల్తాపడింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. గోలగాడు బయటపడలేదు.

అక్క టేపులన్నీ రేకుపెట్టెలో సర్ది బల్ల కిందికి తోసింది. పారేయలేదు, వినలేదు. కుడుతున్నప్పుడు కాలికి పెట్టె తగిలితే మాత్రం, ఎవరో దారికి అడ్డంగా కూర్చున్నట్టు "జరగరా" అనేది.

ఏళ్లు గడిచాయి. కూతురు కళ్లజోళ్ల దుకాణంలో పనికి కుదిరింది. ఒక మధ్యాహ్నం, బ్యాండులో డ్రమ్ములు వాయించినతను కుంటుకుంటూ వచ్చాడు. ఆ కుంటి నడక వ్యాను మిగిల్చిందే.

"అక్కా, వాడి టేపులున్నాయా? స్టూడియో పాటలు జనం విని విని అరగదీశారు. వాడు ఇంట్లో ఎలా పాడుకునేవాడో వినాలంటున్నారు."

"అందులో ఏముందయ్యా? దగ్గులూ, తుమ్ములూ, నా మిషను చప్పుడూ."

"అవే కావాలంట."

పెట్టె తెరిచి మొదటి టేపు వేశారు. గిటారు వెనక మిషను టకటకలాడుతోంది. పాట మధ్యలో మిషను ఠక్కున ఆగింది, దానితోపాటే పాటా ఆగింది. మళ్లీ రెండూ కలిసి బయల్దేరాయి. డ్రమ్ములతను నోరెళ్లబెట్టాడు.

"ఈ ఆగడం ఇక్కడ్నుంచి వచ్చిందా! దీన్ని ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసా అక్కా? వాణ్ణడిగితే చెప్పకుండా నవ్వేవాడు."

"మూల దగ్గర గుడ్డ తిప్పడానికి ఆగానయ్యా," అంది అక్క. అని, నవ్వబోయి ఏడ్చేసింది.

టేపులు స్టూడియోకు వెళ్లాయి. అక్కడివాళ్లు ముందు మిషను చప్పుడంతా తుడిచేసి ఆమెకు వినిపించారు. గొంతు అద్దంలా ఉంది. అక్క ముఖం మాత్రం మాడిపోయింది.

"వాణ్ణెక్కడో ఒంటరిగా కూర్చోబెట్టినట్టుంది. నా పక్కనే ఉన్నాడు కదయ్యా వాడు!"

చప్పుడు అలాగే ఉంచారు. ఆ పాటలు బయటికొచ్చాక జనం ఎగబడి విన్నారు. వీటి ముందు స్టూడియో పాటలు ఇస్త్రీ బట్టల్లా ఉన్నాయన్నారు. ఈ టేపుల్లో మనిషి ఇంకా తడుముకుంటున్నాడు, తప్పు పాడి తిట్టుకుంటున్నాడు, చేయి చాస్తే అందేటంత దగ్గరలో ఊపిరి పీలుస్తున్నాడు. ఆ దగ్గరతనమే వాళ్లకు కావాల్సింది. అక్కను పీడించిందీ అదే.

ఎందుకంటే ఒక టేపు ఆమె ఇవ్వలేదు. అది వ్యాను బోల్తాపడిన రోజుది. అందులో పాట లేదు. గోలగాడు తీగలు సవరించుకుంటూ మాట్లాడుతుంటాడు. "అక్కా, వచ్చేటప్పుడు నీకేం తేవాలే?" అంటాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుడుతున్న అక్క "ఊఁ" అంటుంది. "ఊఁ అంటే ఏంటే, చీపురా, చాపా?" అని నవ్వుతాడు. బయట హారన్ మోగుతుంది. "వచ్చేశారు. వెళ్లొస్తా." గిటారు దేనికో తగిలి ఝుమ్మంటుంది. తలుపు పడుతుంది. టేపు ఆపడం మరిచిపోయాడు. ఆ తర్వాత చివరిదాకా ఉన్నది మిషను చప్పుడొక్కటే. జరగబోయేదేమీ తెలియని ఆడమనిషి ఒకతె తన మానాన తను కర్టెన్లు కుట్టుకుంటోంది.

తమ్ముడి గొంతుకన్నా ఆ ఆడమనిషే అక్కను ఎక్కువ భయపెట్టింది. ఆమెను ఎలాగైనా ఆపి, ఒక మాట చెప్పాలనిపించేది. పని ఆగిన మధ్యాహ్నాల్లో టేపు వేసుకుని కూర్చునేది. ఓ రోజు కూతురు తలనొప్పని పెందలాడే ఇంటికొచ్చేసరికి, వెనక గదిలోంచి తల్లి గొంతు వినిపించింది.

"వద్దురా. ఈసారికి మానెయ్. నా మాట విను."

కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. మావయ్య గొంతు నవ్వింది. తల్లి మళ్లీ బతిమాలింది. హారన్ మోగింది.

"అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావే?"

అక్క తల తిప్పకుండానే అంది. "ఇప్పుడే వెళ్లాడే. కాస్త ముందొస్తే కనపడేవాడు."

ఆ సాయంత్రమే కూతురు డ్రమ్ములతని ఇంటికి వెళ్లి అంతా చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం అతనొచ్చాడు. ఎవరు చెప్పారని అక్క అడగలేదు. టేపు వేసింది. హారన్ దగ్గర అతను తల దించుకున్నాడు.

"అది నొక్కింది నేనే అక్కా. వాడు ఆలస్యం చేస్తున్నాడని గట్టిగా నొక్కా. అది రోజూ వినిపిస్తూనే ఉంది నాకు."

"నాకు అది వినపడనే లేదయ్యా, ఆ రోజు," అంది అక్క. "మిషను తొక్కుతున్నా కదా."

అతను టేపు ఆపబోయాడు.

"ఉంచు. అయిపోనీ."

ఇద్దరూ టేపు చివరిదాకా విన్నారు. ఆ రోజు అక్క "వద్దురా" అనలేదు. ఆ టేపు ఇమ్మని అతనూ అడగలేదు. చీకటిపడ్డాక కూతురు ఇంటికొచ్చేసరికి ఇద్దరూ దీపం వేసుకోకుండా కూర్చుని ఉన్నారు.

ఆ తర్వాత అక్క దాన్ని ఒంటరిగా ఎప్పుడూ వేయలేదు. వినాలనిపిస్తే అతనికి కబురు పంపేది. అతను కుంటుకుంటూ వచ్చేవాడు. టేపులో తలుపు చప్పుడు దాటాక, ఇద్దరూ చివరిదాకా ఆ మిషను చప్పుడే వింటూ కూర్చునేవారు.