కొండ కనపడతాందా

కుందుర్పి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దామెకు ఒక కంటికి ఆపరేషన్ కట్టు ఉంది. రెండో కన్ను సరిగా ఆనదట. కిటికీ నావైపు ఉండటంతో, "ఏమప్పా, కొండ కనపడతాందా?" అని అడిగింది.

మావైపు కొండకు వెళ్ళొచ్చామంటే తిరుపతికి వెళ్ళొచ్చామనే. ఈమె కూడా దండం పెట్టుకోవడానికే అడుగుతోందనుకున్నాను. "బ్రహ్మాండంగా కనిపిస్తోందమ్మా, పైనున్న బండలతో సహా" అన్నాను ఉత్సాహంగా.

ఆమె మొహం వాడిపోయింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి నన్నొక చూపు చూశాడు.

"కొండ కనపడితే వాన యాడిదప్పా? మబ్బు కమ్మి అది మునగల్ల. శెనక్కాయ ఏసి ఇరవై దినాలాయ. మొలకలు ఎండిపోతాండాయి" అంది ఆమె.

ఆ తర్వాత నా కళ్ళు కొండను వదల్లేదు. దాని మీద ఒక్క మబ్బు తునక కూడా లేదు.

ఊరు దగ్గరపడుతుంటే ఆమె మళ్ళీ నా మోచెయ్యి తట్టింది. "ఇంగొకసారి చూడప్పా. ఇప్పుడన్నా మబ్బు దిగిందేమో."

రుమాలు తీసి అద్దం తుడిచాను. కొండ కనిపించకూడదని కోరుకోవడం నాకదే మొదటిసారి. బండలు ఇంకా స్పష్టంగా కనిపించాయి.

"ఏమప్పా?" అంది.

శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను.