ఎడమ వైపు మూత

నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. వెలుగు తెలుస్తుంది, ఎదురుగా ఎవరైనా కదిలితే తెలుస్తుంది, ముఖం తెలియదు. పైకి చూస్తే రెండు కళ్లూ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి పెళ్లిచూపుల్లో ఎవరికీ అనుమానం రాలేదు. "అడిగితే చెప్దాం తియ్" అంది మా అమ్మ. వాళ్లు అడగలేదు, మేము చెప్పలేదు. అలా పద్నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఒంటికన్నుతో దూరం లెక్క సరిగా అందదు. చాయ్ కప్పులో పోయబోయి పక్కన పోస్తాను. విసిరిన తాళంచెవి ఏనాడూ నా చేతికి చిక్కలేదు. "సోయి యాడ పెట్టినవయ్యా?" అని మా ఆవిడ తిట్టేది. బండి కొందామని ఆమె అన్నప్పుడల్లా, ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో ఉండగా బండెందుకని వాదించి గెలిచేవాణ్ని. అత్తగారింట్లో నాకు పిసినారి అని పేరు. గుడ్డివాడనే పేరు కంటే అదే నయమనుకున్నాను.

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతుంది. నేను అదే గల్లీలో పుస్తకాల షాపులో పనిచేస్తాను. పోయిన చలికాలం, ఊరు మారుతున్న తోటి టీచర్ ఒకామె తన పాత బైనాక్యులర్‌ను మా ఆవిడకిచ్చి వెళ్లింది. ఆ సాయంత్రం మా ఆవిడ అన్నం కూడా వండకుండా నన్ను డాబా ఎక్కించింది. హైవే లైట్ల వెలుగులో మా ఆకాశంలో నాలుగు చుక్కలు కనిపిస్తే గొప్ప. కానీ పౌర్ణమికి రెండు రోజులే ఉంది, చంద్రుడు నీళ్ల ట్యాంకు పైన బ్రహ్మాండంగా ఉన్నాడు.

"రెండు కండ్లతోని చూస్తే బంతి లెక్క కనబడ్తుండు" అంది ఆమె, కళ్ల దగ్గరి నుంచి బైనాక్యులర్ తీయకుండానే. "అంత దూరానికి రెండు కండ్లున్నా ఒకటే. ఊకె మెదడు కల్పించుకుంటది. అయినా మస్తుంది!"

ఇంతలో ఫోనొచ్చింది. దుమ్ము పడుతుందని ముందున్న రెండు అద్దాలకూ మూతలు పెట్టి నా చేతికిచ్చి, పిట్టగోడ దగ్గరికి వెళ్లింది. నేను మూత తీసి చూస్తూ నిలబడ్డాను.

"నిజమే, అచ్చం బంతి లెక్కనే ఉన్నడు!" అన్నాను, ఆమె తిరిగి రాగానే.

ఆమె నవ్వలేదు. "ఎడమ దిక్కు మూత తియ్యనే లేదు గదా" అంది.

తడిమి చూశాను, మూత అలాగే ఉంది. మూత ఉన్నా లేకపోయినా నాకు ఒకటే, అందుకే గమనించలేదు. నవ్వేసి తప్పించుకోవచ్చు. అలాంటి నవ్వులు నా దగ్గర బోలెడు స్టాకు. ఎందుకో ఆ రోజు చేతకాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

రెండు రోజులు మాటల్లేవు. మోసం చేశావంటుందని, వాళ్ల అన్నలను పిలిపిస్తుందని నిజంగానే భయపడ్డాను. మూడో రోజు సాయంత్రం వంటింట్లోంచి ఆమే వచ్చి నా ఎదుట కూర్చుంది.

"నా కోపం కన్ను గురించి కాదు. చాయ్ ఒలకబోసినప్పుడల్లా తిట్టిన. ఇన్నేండ్లు ఊకె తిట్టిచ్చుకున్నవ్. కన్ను కనబడనోన్ని తిట్టే ఆడిదాన్ని చేసినవ్ గదా నన్ను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తప్పు నాదేనన్నాను. ఆమె ముక్కు తుడుచుకుని, బైనాక్యులర్ తీసుకుని పైకి రమ్మంది.

"నీకెట్ల కనబడ్తడు? ఈసారి అబద్ధం చెప్పకు."

"రొట్టె లెక్క" అన్నాను. "పెనం మీది జొన్నరొట్టె. మచ్చలు గూడ గట్లనే."

ఆమె ఎడమ కన్నును అరచేత్తో మూసుకుంది. ఒంటిచేత్తో పట్టుకుంటే బైనాక్యులర్ వణుకుతోందని నేను కింద చెయ్యి ఆనించాను. చాలాసేపు అలాగే చూసింది. నా చెయ్యి నొప్పి పుట్టింది కానీ తీయలేదు.

"అవు, రొట్టెనే" అంది చివరికి. "మంచిగనే ఉన్నడు."