సార్ పైన ఉన్నారు

ఫిజియోథెరపీ గదిలో అందరూ అక్క అని పిలిచే ఆ సహాయకురాలు, రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుంటుంది. కాలు వంచేటప్పుడు మోకాలి వైపు కాదు, మనిషి మొహం వైపు చూస్తుంది. నొప్పి ముందు కనుబొమల దగ్గరే తెలుస్తుందని ఆమె నమ్మకం. పక్కనే ఉండి చూసుకోవలసిన డాక్టరు మాత్రం ఊరి అవతల ఇంకో క్లినిక్ తెరిచి, ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తాడు. ఎవరైనా అడిగితే "సార్ పైన ఉన్నారు" అని చెప్పమన్నాడు. ఆ మేడ మీద నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది.

ఒక ఉదయం తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన టైలరమ్మను కొత్తగా తీసుకొచ్చారు. కొత్త రోగిని డాక్టరు చూశాకే అక్క చెయ్యి వెయ్యాలి. "సార్ చూడరా అమ్మా?" అని ఆవిడ భయంగా అడిగింది. నోటిదాకా వచ్చిన అబద్ధం ఈసారి బయటికి రాలేదు. "సార్ ఇక్కడ లేరు పిన్నీ. వచ్చేదాకా మిమ్మల్ని లేపను," అని చెప్పి అక్క ఫోన్ చేసింది.

"ఇన్నేళ్లుగా చేస్తున్నావు, ఆ మాత్రం చెయ్యలేవా?" అని డాక్టరు విసుక్కున్నాడు.

"చెయ్యగలను సార్. కానీ చెయ్యకూడదు. ఆవిడ పడితే లేపడానికి నేనుంటాను, జవాబు చెప్పడానికి ఎవరుంటారు? మీరు రాకపోతే బయట కూర్చున్నవాళ్లందరికీ ఇదే చెప్తాను."

డాక్టరు చిందులు తొక్కుతూనే వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, గదంతా కలయజూసి, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఎక్కడుందని ఆమెనే అడిగాడు.