అర్థం కానిది చెప్పినవాళ్లకే చాయ్

షాబాద్ బండల మీద ఇనుప ట్రంకు పెట్టెను ఈడుస్తుంటే వచ్చే చప్పుడుకు పళ్లు జివ్వుమంటాయి. ఈమధ్య చక్రాల సూట్‌కేసులు వచ్చాయి గానీ, పల్లెల నుంచి వచ్చే పిల్లలు కొందరు ఇంకా ట్రంకులే తెచ్చుకుంటారు. మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీలో, హాస్టల్ తెరిచిన రోజున, వరండా పొడుగునా ఆ పెట్టెలు కీచుమంటూ కదిలాయి. నా పక్కనున్న లెక్చరర్ చెవులు మూసుకుంది. నాకేమో కళ్లలో నీళ్లు తిరిగాయి. హనుమకొండలో యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్‌కు మొదటిసారి నేనూ అలాగే పెట్టె ఈడ్చుకుంటూ వెళ్లాను. వరండా చివర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఒక పొట్టి మనిషి, "ఎత్తి పట్టుకోన్రి బిడ్డా, బండలకు గూడ పానముంటది" అని అరిచింది. ఆవిడే సుగుణ మేడం, మా వార్డెన్.

మేడం జువాలజీ చెప్పేవారు. హాస్టల్ గేటు పక్కనున్న రెండు గదుల్లోనే కాపురం. మనిషి చిన్నదే గానీ గొంతు మెస్సు దాటి, బట్టలారేసే డాబా దాకా వినపడేది. ఊరడించడం ఆవిడకు చేతకాదు. ఏడ్చే పిల్లను చూస్తే, "ముందు మొఖం కడుక్కొని రా, తర్వాత ఏడుద్దువు" అనేవారు. మొదటి వారం నాకు ఆవిడంటే భయమే తప్ప మరొకటి లేదు.

ఆవిడ పెట్టిన ఒక ఆచారం గురించి చెప్పాలి. సాయంత్రం క్లాసుల నుంచి రాగానే అందరం గ్లాసులు పట్టుకుని మెస్సులో వరుసగా నిలబడాలి. పెద్ద గిన్నెలో అల్లం చాయ్ మరుగుతూ ఉంటుంది. గరిటె మేడం చేతిలో. గ్లాసు ముందుకు చాపిన ప్రతి పిల్లా ఆ రోజు క్లాసులో తనకు అర్థం కానిది ఒకటి చెప్పాలి. చెబితే చాయ్ పోస్తారు. ఆ సంగతి తెలిసిన సీనియర్ అక్క ఎవరైనా వచ్చి పక్కన కూర్చుని చాయ్ తాగుతూ విడమరిచి చెబుతుంది. "అంతా అర్థమైంది మేడం" అందో, "మంచిది బిడ్డా, అయితే నువ్వే పొయ్యి" అని గరిటె ఆ పిల్ల చేతిలో పెట్టేసేవారు. అందరికీ పోసి, చల్లారిన చాయ్ ఆఖరున తాగాలి. అందుకని మా హాస్టల్లో తెలివి చూపించుకునే పిల్లలు తొందరగానే దారికొచ్చేవారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడే చోట చదువు నిలవదని ఆవిడ నమ్మకం. నేను ఆ తర్వాత చూసిన ఏ పెద్ద కాలేజీలోనూ ఇంత మంచి ఏర్పాటు చూడలేదు.

అయితే ఆ ఏర్పాటు నా పాలిట గండమైంది. మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. పత్తి, వరి వేసుకునే ఇల్లు. ఇంటర్ దాకా నా చదువంతా తెలుగులోనే. ఐదేళ్ల కెమిస్ట్రీ కోర్సులో సీటొచ్చిందని ఊరంతా మురిసింది. తీరా క్లాసులో కూర్చుంటే సారు చెప్పే ఇంగ్లీషు పైకప్పు మీద పడే వానలా వినిపించేది. చప్పుడు తెలుస్తుంది, చుక్క మీద పడదు. మరి సాయంత్రం చాయ్ గిన్నె దగ్గర ఏం చెప్పను? అందుకని ఒక ఉపాయం పన్నాను. ఇంటర్లో తెలుగులో నాకు బాగా వచ్చిన పాఠాల్లోంచే రోజుకొక అనుమానం పుట్టించేదాన్ని. ఉప్పు నీళ్లలో ఎందుకు కరుగుతుంది, మంచు నీళ్ల మీద ఎందుకు తేలుతుంది, ఇలాంటివి. పాపం రజితక్క అని ఎమ్మెస్సీ చివరి ఏడాది సీనియర్, చపాతీ ముక్కలు తుంచి పళ్లెంలో పేర్చి మరీ వివరించేది. నేను తలూపుతూ చాయ్ మీద కట్టిన మీగడ చూస్తూ ఉండేదాన్ని. నాకు ముందే తెలిసిన జవాబు వినడమంత విసుగు మరొకటి ఉండదు.

పైగా మా ఊరు మరీ దగ్గర. ఆదిలాబాద్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ లక్ష్మికి ఇంటికి పోవాలంటే రోజంతా ప్రయాణం. ఏడ్చినా ఇక్కడే ఏడ్వాలి. నాకు బస్సెక్కితే గంటలో ఇల్లు. ఆ సుఖమే నన్ను నిలవనీయలేదు. మొదటి పరీక్షలు దగ్గరపడ్డాయి. నోట్సు తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ మాట ఒక్కటీ పట్టుబడడం లేదు. ఒక గురువారం మధ్యాహ్నం బాపుకు ఫోన్ చేశాను. "శనివారం రా బాపు. పెట్టె కట్టనీకి తాడు గూడ తే" అన్నాను. ఎందుకని బాపు అడగలేదు. "సరే బిడ్డా" అన్నాడు. ఆ మాటకు నాకు మరింత ఏడుపొచ్చింది.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే మేడం గది తలుపు తెరిచే ఉంది. "స్వప్నా, జర ఇటు రా" అని పిలిచారు. చిక్కుడుకాయల చాట ముందర పెట్టుకుని ఈనెలు తీస్తున్నారు. నా ఒళ్లో కొన్ని పోశారు. తిడతారనుకున్నాను.

"నాకొకటి అర్థమైతలేదు బిడ్డా" అన్నారు కాయల మీంచి చూపు తిప్పకుండా. "రోజూ డౌట్ అడిగే పిల్ల, జవాబు చెప్తాంటె ఇనకుంట ఎందుకు కూసుంటది?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇక దాచడానికి ఏం మిగల్లేదు. "అవి నాకు తెల్సినయే మేడం. క్లాసుల ఏం అర్థమైతలేదో చెప్పుమంటరు. ఏది అర్థం గాలేదో గూడ నాకు అర్థమైతలేదు" అని భోరుమన్నాను.

మొఖం కడుక్కుని రమ్మనలేదు ఆవిడ. చాట పక్కన పెట్టారు. ఆ తర్వాత అన్న మాటలు నేను అస్సలు ఊహించనివి. "తప్పు నాదే బిడ్డా. ఇది అర్థం గాలేదని చెప్పాలన్నా జరంత అర్థం గావాలె గదా. ఇన్నేండ్ల సంది గరిటె పట్టుకొని నిలబడ్డ గని, ఈ సంగతి నాకు తట్టనే లేదు."

అంత పెద్దావిడ, అంత గొంతున్న మనిషి, నా ముందు తప్పు తనదని ఒప్పుకోవడం చూసి ఏడుపు ఆగిపోయింది. "శనివారం మా బాపు వస్తాండు మేడం. నేను పోతాన" అన్నాను నెమ్మదిగా.

"పో. నేను ఆపను. గని రేపొక్కనాడు చాయ్ కాడ ఉన్నదున్నట్టు చెప్పు. అంతే."

శుక్రవారం సాయంత్రం వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. గ్లాసు చాపి, "మొత్తం మేడం" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం నవ్విన వైపు ఒక చూపు చూసి, నా గ్లాసు అంచుదాకా నింపారు. అప్పుడు నా వెనకున్న లక్ష్మి, ఎప్పుడూ పెద్దగా నోరు విప్పని పిల్ల, "నాది గూడ మొత్తమే మేడం" అంది. దాని వెనక ఇంకొకతె అంది. మొదటి ఏడాది పిల్లల్లో సగం మంది ఆ సాయంత్రం అదే మాట చెప్పారు. ఇన్నాళ్లూ మేమందరం ఒకే నీళ్లలో మునిగి, ఎవరికి వాళ్లం ఒడ్డున ఉన్నట్టు నటించామన్నమాట! నాకు నవ్వు, కోపం, ధైర్యం, అన్నీ కలిసి వచ్చాయి.

మేడం ఆ పూటే పద్ధతి మార్చారు. కొత్త పిల్లలు ఇద్దరిద్దరినీ ఒక్కో సీనియర్‌కు అప్పగించారు. ఆ రోజు పాఠం ముందు మన మాటల్లో చెప్పుకోవాలి, తర్వాత అదే పాఠం ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించుకోవాలి. నేనూ లక్ష్మీ రజితక్క వాటాకు వచ్చాం. అసలు సంగతి తెలిసి అక్క నెత్తి కొట్టుకుంది. "రోజూ నీకు వచ్చిన పాఠమే నాతోని చెప్పిచ్చుకున్నవా? నా గొంతు ఎండవోయింది గదనే!" అంది. తిడుతూనే పుస్తకం తెరిచింది. నాకు బాగా తెలిసిన ఉప్పు పాఠమే ఇంగ్లీషులో చూపించింది. ఒక్కో మాటా గుర్తుపడుతుంటే, కొత్త ఊళ్లో మనూరి వాళ్లు ఎదురైనంత సంబరమేసింది.

శనివారం బాపు టీవీఎస్ బండి మీద వచ్చాడు, వెనక తాడు చుట్ట పెట్టుకుని. బండి దిగకముందే నేను గేటు దగ్గరికి పోయి "వద్దు బాపు, ఉంటా" అన్నాను. ఆయన తాడు వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. మేడం ఆయన్ని మెస్సులోకి తీసుకొచ్చి చేతికి గ్లాసిచ్చారు. "అన్నా, ఈడ అర్థం గానిది చెప్తేనే చాయ్" అన్నారు. పిల్లలందరూ చూస్తున్నారు. బాపు మొహమాటంగా తలగోక్కుని, "మా బిడ్డ మొన్న రమ్మన్నది, ఇయ్యాల వద్దంటాంది. గిదే అర్థమైతలేదు మేడం" అన్నాడు. మెస్సంతా ఘొల్లుమంది. మేడం కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, "దానికి జవాబు నీ బిడ్డె చెప్తది, కూసో అన్నా" అన్నారు. బల్ల మీద పక్కపక్కన కూర్చుని అంతా చెప్పాను. బాపు చివరిదాకా విని, "అందరి ముంగట మొత్తం రాదని చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. "గంత ధైర్యమున్నదానివి, ఇంటికొచ్చి ఏం జేస్తవ్" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన ఒక్కడే ఊరికి తిరిగి వెళ్లాడు.

ఆ పరీక్షల్లో గట్టెక్కానంతే, గొప్ప మార్కులేం రాలేదు. కానీ మూడో ఏడాదికల్లా నేనే చపాతీలు తుంచి పేర్చే అక్కనయ్యాను. లక్ష్మి ఇప్పుడు ఆదిలాబాద్‌లోనే టీచర్. నేను కెమిస్ట్రీ లెక్చరర్నయ్యాను. ఈ ఏడు మా ప్రిన్సిపాల్ హాస్టల్ బాధ్యత కూడా నాకే అప్పజెప్పారు. తలనొప్పి ఎందుకు నెత్తికెత్తుకుంటావని తోటివాళ్లు అన్నారు. నేను నేరుగా హనుమకొండలో సుబేదారికి వెళ్లాను. రిటైరయ్యాక మేడం అక్కడే ఉంటున్నారు. గొంతు కాస్త తగ్గింది, అంతే.

"మీరు చేసినట్టే చేస్తా మేడం. చాయ్ గిన్నె, గరిటె, అంతా అట్లనే" అన్నాను ఉత్సాహంగా. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "నా లెక్క చెయ్యకు బిడ్డా. నేను మంచిగనే చేస్తాన అనుకున్న. నా కండ్ల ముంగట్నించే నువ్వు తాడు తెప్పిచ్చుకొని పోబోయినవు. నీ పద్ధతి నువ్వు పెట్టుకో. ఎంత మంచిది పెట్టినా అండ్ల ఒక పిల్ల ఇమడది. ఆ పిల్ల ఎవరో చూసుకో. వార్డెన్ పని గదే."

ఇప్పుడు మా హాస్టల్లో సాయంత్రాలు పిల్లలు ముగ్గురేసి కూర్చుని ఆనాటి పాఠం ఒకరికొకరు చెప్పుకుంటారు. బాగా నడుస్తోందని అందరూ అంటున్నారు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ నా చూపు, గడగడా పాఠం చెప్పే పిల్లల మీద నిలవదు. వాళ్ల మధ్యే ఎక్కడో ఒకతె అన్నిటికీ బుద్ధిగా తలూపుతూ, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలా అని ఆలోచిస్తూ ఉంటుంది. ఆమె ఎవరో నాకింకా తెలియదు. వెతుకుతున్నాను.