పదో రోజు లెక్క

1998 జూన్ 12, శుక్రవారం, సాయంత్రం. కె.ఆర్.పురం ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, బొమ్మనహళ్ళి నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, మా మేడ మీద అద్దెకుంటూ ఆసుపత్రిలో పనిచేసే గుంటూరు నర్సమ్మ.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. మిగిలింది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నా భార్య తమ్ముడు ఉగాండాలో ఒక చక్కెర మిల్లులో లెక్కలు చూసేవాడు. తల్లి పోయాక ఈమె చేతుల్లోనే పెరిగినవాడు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయని, అక్కను చూడాలంటున్నాడని అతని భార్య మే నెలలో ఫోను చేసింది. అతన్ని ఇక్కడికి తీసుకొచ్చే స్థితి లేదు. మేమే వెళ్ళాలి.

ప్రయాణం పనులన్నీ నేనే మీద వేసుకున్నాను. నా భార్యకు చక్కెర జబ్బు. ఇన్సులిన్‌కు ఐసు పెట్టే ఫ్లాస్కు, సూదులు వెంట తీసుకెళ్ళడానికి డాక్టరు ఉత్తరం, వారం ముందు నుంచే వేసుకోవాల్సిన మలేరియా మాత్రలు, టైఫాయిడ్ సూది, పళ్ళ డాక్టరు. ఒక్కొక్కటీ అయ్యాక టిక్కు పెట్టాను. ఆ దేశంలో దిగాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, వేసినట్టు రాసిచ్చే పసుపుపచ్చ పుస్తకం చూపించాలి. ఆ టీకా శుక్రవారాల్లోనే వేసేవారు. జూన్ ఐదున ఇద్దరం వేయించుకున్నాం. పది రోజుల తర్వాతే పుస్తకం చెల్లుతుందని అక్కడ చెప్పారు. ఇంటికి రాగానే క్యాలెండరు ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాను. పదో రోజు పద్నాలుగు. పదమూడున బయల్దేరి, బొంబాయిలో రాత్రి విమానం ఎక్కి, పద్నాలుగు ఉదయం దిగేట్టు టికెట్లు కొన్నాను.

ఆ సాయంత్రం మరదలు సూట్‌కేసులో చీరలు సర్దుతూ, "మా బావ తుమ్మినా డైరీలో రాసుకొనే తుమ్ముతాడు. నీకేం భయంలేదు పోక్కా" అని నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. ఆ నెలలో అదే మొదటిసారి.

విమానంలో ఇన్సులిన్ ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రాసివ్వడానికి నర్సమ్మ కిందికి వచ్చింది. పోతూ పోతూ పసుపుపచ్చ పుస్తకాలు ఒకసారి చూస్తానంది. చూసి, క్యాలెండరు వైపు చూసి, మళ్ళీ పుస్తకం చూసింది.

"అంకుల్, సూది ఐదో తారీఖున కదా వేసింది? ఇది పదిహేను నుంచి గానీ చెల్లదండి. మీరు పద్నాలుగునే దిగుతున్నారు."

"ఐదు నుంచి పద్నాలుగుకు పది రోజులే కదమ్మా."

"సూది వేసిన రోజు లెక్కలోకి రాదండి."

మా ఇళ్ళలో పదకొండో రోజు పేరు పెట్టాలంటే పుట్టిన రోజే ఒకటి. చావు దినాలకూ అంతే. టీకాకు కూడా అలాగే లెక్కపెట్టాను. వేరే లెక్క ఒకటి ఉంటుందని నాకు తట్టనే లేదు.

ట్రావెల్స్ వాళ్ళకు ఫోను చేశాను. తర్వాతి విమానం వచ్చే శనివారమే అన్నారు.

"ఆ ఐదును నాలుగు చేస్తే ఏమయితాది బావా?" అంది మరదలు.

"పట్టుకున్నారంటే ఆంటీని ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారండి" అంది నర్సమ్మ.

నా భార్య పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "దిద్దండి" అంది. నా చెయ్యి లేవలేదు.

"నలభై ఏండ్లుగా దినాలు రాస్తానే ఉండారు. ఒక్క దినం లెక్క తెలీకపాయె" అంది. పెన్ను తీసుకుని లోపలికి పోయింది.

వచ్చే శనివారానికి మార్చిన టికెట్లు కూడా మాకు పనికిరాలేదు. బుధవారమే అతను పోయాడు. కానీ ఆ శుక్రవారం అది మాకు తెలియదు. వారం రోజులు ఓర్చుకుంటే చాలనే అనుకున్నాం. తమ్ముడికి ఎలా చెప్పాలన్నదే ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి ఫోను మోగింది. అతని భార్య రిసీవరు అతని చెవి దగ్గర పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. అతని గొంతు నాకూ వినబడుతోంది.

"ఇంకా ఇంట్లోనే ఉండావా అక్కా? బండి రాలేదా?"

నా భార్య కళ్ళు మూసుకుంది.

"వచ్చిందప్పా. వాకిట్లోనే ఉండాది. మీ బావ సామాను పెడతా ఉండాడు."

"బావకియ్యి."

రిసీవరు నా చేతికిచ్చి ఆమె గోడకు ఆనుకుంది.

"బావా, అక్కను జాగ్రత్తగా పిల్చుకొని రండి. ఆమెకు విమానం కొత్త."

"సరేనప్పా" అన్నాను.