మంచినీళ్ళు పోసిన బ్యాటరీ

నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన, కార్లకు కరెంటు పని చేసే హెబ్రోను షెడ్డు ఉండేది. వానలు మొదలయ్యాయంటే చాలు, షెడ్డు ముందు కర్రలకు తెల్లగుడ్డ కట్టి, కింద గాజు జాడీ పెట్టేవాడు. ఆ నీళ్ళు తాగడానికి కాదు, కార్ల బ్యాటరీలకు. ఏ డ్రైవరు వచ్చినా, "బ్యాటరీకి ఏం నీళ్ళు పొయ్యాల?" అని అడిగేవాడు. "వాననీళ్ళు" అని నోటితో చెప్పేదాకా వదిలేవాడు కాదు. డ్రైవర్లు ఈయనకు చాదస్తం ముదిరిందని నవ్వుకునేవారు. పక్కింటిదాన్ని, నేనూ నవ్వేదాన్ని. ఒకసారి ఆయన భార్య కరుణాకుమారి అసలు సంగతి చెప్పింది. ఇక నవ్వు రాలేదు, ఆయన మీద కోపం వచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆయనకు ఈ చాదస్తమే ఉంటే ఎంత బాగుండేది! అప్పుడున్నదల్లా గర్వం. సెల్ఫ్ కొట్టిన మోత విని, మీటరు పెట్టకముందే "డైనమో" అనో, "బెల్టు వదులు" అనో, "ఎర్తు వైరు తుప్పు పట్టింది" అనో తేల్చేసేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. అదే ఆయన్ను చెడగొట్టింది.

చేపల వ్యాపారి మాల్యాద్రికి ఒక పాత కారు ఉండేది. వెనక సీటు పీకేసి గంపలకు చోటు చేశాడు. తెల్లవారగానే చేపలు నెల్లూరు చేరాలి కనుక, కారు రాత్రిళ్ళు సముద్రపు ఒడ్డున జాలర్లుండే పట్టపుపాలెంలోనే ఉండేది. డ్రైవరు చెంగయ్యది ఆ పాలెమే. వాళ్ళ నాన్న తెప్ప మీద వేటకు పోయి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క కొడుకునూ సముద్రానికి ఇవ్వనని తల్లి ముసలమ్మ మొండికేసి, వాడికి డ్రైవింగు నేర్పించింది. ఆ ఉద్యోగం పోతే వాడికి మిగిలేది మళ్ళీ తెప్పే.

ఆ వేసవిలో కారుకు కొత్త బ్యాటరీ వేసింది హెబ్రోనే. "చూడు చెంగయ్యా, ఎండలకు లోపల నీళ్ళు తగ్గతాయి. ప్లేట్లు మునిగేదాకా మంచినీళ్ళు పొయ్యి. ఉప్పునీళ్ళు మాత్రం తగలనియ్యబాకు" అని చెప్పాడు.

"అట్లాగే అన్నా" అన్నాడు చెంగయ్య.

కొన్ని నెలలకే బ్యాటరీ మొరాయించింది. పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకునేది. పాలెంవాళ్ళు తోస్తేగాని బండి కదిలేది కాదు. షెడ్డుకు తెస్తే హెబ్రోను మీటరు పెట్టాడు. ఓల్టేజీ బాగా తక్కువుంది. డైనమో ఛార్జి చేస్తూనే ఉంది, బెల్టు బిగువుగానే ఉంది, వైర్లలో ఎక్కడా కరెంటు కారడం లేదు. ఆయనకు ఏమీ తోచలేదు.

మాల్యాద్రి ఆయన్ను పక్కకు పిలిచాడు. "తెప్పలు ఒడ్డుకొచ్చేటప్పుడు వాళ్ళోళ్ళకు దోవ కనపడాలని వీడు హెడ్‌లైట్లు ఏస్తుండాడని నా అనుమానం. ఇంజను ఆపి లైట్లు ఏస్తే బ్యాటరీ ఇట్లా దిగిపోద్దా?"

"దిగిపోద్ది. ఇంకో కారణం నాకు కనపళ్ళా" అన్నాడు హెబ్రోను.

ఆ మాట చెంగయ్య విన్నాడు. "నేను ఎయ్యలేదన్నా, అమ్మతోడు. నువ్వన్నా చెప్పు" అని బతిమాలాడు. హెబ్రోను తల ఎత్తకుండా వైరు చుట్టుకుంటూ ఉండిపోయాడు. నాకు తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే పరువు పోతుందనుకున్నాడు, మహానుభావుడు! మాల్యాద్రి అక్కడికక్కడే వాడి దగ్గర తాళాలు లాక్కున్నాడు.

బ్యాటరీ మాత్రం ఛార్జికని షెడ్డులోనే ఉంది. హెబ్రోను దాన్ని నిండా ఛార్జి చేసి, ఏ వైరూ తగిలించకుండా బల్ల మీద పెట్టాడు. కొన్నాళ్ళకు చూస్తే మీటరు ముల్లు మళ్ళీ కిందికే వచ్చింది. అక్కడ కారు లేదు, లైట్లు లేవు, చెంగయ్యా లేడు. జబ్బు బ్యాటరీ లోపలే ఉంది. అలా విడిగా పెట్టి చూడటం మొదటిరోజే చేయవలసిన పని. తెలియక కాదు, గర్వంతో చేయలేదు.

అప్పుడు ఆయనకు తానన్న మాట గుర్తొచ్చింది. మంచినీళ్ళు అంటే ఆయన ఉద్దేశం షాపులో సీసాల్లో అమ్మే డిస్టిల్డు వాటరు, ఏ ఉప్పూ లేని ఆవిరినీళ్ళు. పాలెంలో మంచినీళ్ళంటే ఇసుకలో చెలమ తవ్వితే ఊరే తాగేనీళ్ళు. పాలెం నుంచి వచ్చి చేపలమ్మే ఒకామె చేత ఆ నీళ్ళు ఒక సీసాడు తెప్పించాడు. ఇంట్లో పెనం వేడిచేసి, ఆవిరినీళ్ళలాంటివే కనుక ఒక చుక్క వాననీళ్ళు, ఒక చుక్క చెలమనీళ్ళు వేశాడు. వాననీళ్ళు జాడ లేకుండా ఆరిపోయాయి. చెలమనీళ్ళు ఆరినచోట తెల్లటి మచ్చ మిగిలింది. నాలుకకు అందని ఆ కాస్త ఉప్పే బ్యాటరీని తినేసింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. అందరూ లేచి ముందుకు పోతున్నా హెబ్రోను కదలలేదు. కరుణాకుమారి మోచేత్తో పొడిస్తే, "నేను తీసుకోను, నా నోరు మంచిది కాదు" అన్నాడు. ఇంటికొచ్చాక జరిగిందంతా చెప్పి ఏడ్చాడు.

"నా దగ్గర ఏడిస్తే ఏమొస్తాది? చెప్పాల్సిన చోట పోయి చెప్పు" అంది ఆమె.

ముందు మాల్యాద్రి దగ్గరకు పోయాడు. "తప్పు నాదండీ. చెంగయ్య ఏ పాపం ఎరగడు" అన్నాడు.

"ఇప్పుడు చెప్తే ఎట్లయ్యా? ఆ పని ఇంకొకడికి ఇచ్చేసినా గదా" అన్నాడు మాల్యాద్రి.

అటునుంచి అటే ఎండలో పాలెం పోయాడు. ముసలమ్మ గుడిసె ముందు కూర్చుని చిరిగిన వల అల్లుతోంది.

"చెంగయ్య ఏడమ్మా?"

"తెప్ప మీద పోయినాడు నాయనా."

హెబ్రోను నిలబడే చెప్పాడు. "నీ కొడుకు లైట్లు ఎయ్యలేదమ్మా. నేను పొయ్యమన్న నీళ్ళే బ్యాటరీని చంపినాయి. నా మాట వల్లే వాడి పని పోయింది."

ముసలమ్మ వల పక్కన పెట్టింది. "నువ్వు చెప్పినావని తొలి కడవ నీళ్ళు బండికని తీసిపెట్టేదాన్ని నాయనా, తేటగా ఉంటాయని. బండికి తీసినాకే మేం తాగేది."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన భార్యతో చాలాసార్లు అన్నాడట. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎండనపడి వచ్చినావు, తాగు. ఇయి మంచినీళ్ళే గదా నాయనా?" అని అడిగింది.

"మంచినీళ్ళేనమ్మా" అని, హెబ్రోను చెంబు ఎత్తి చివరి చుక్క దాకా తాగాడు. చెంబు దించి చూస్తే, ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం మీద తెప్పల కోసం వెతుకుతోంది.